ప్రపంచ పటంలో నల్లమలకు రంగు ఎందుకు పడలేదు?

బ్రాడీపేట మాస్టారు, గుంటూరు:
మా తొమ్మిదో తరగతి పిల్లలు గోడకు పెద్ద ప్రపంచ పటం గీస్తున్నారు. అంతరించిపోయే ముప్పున్న జంతువుల కోసం ముందుగా కాపాడాల్సిన ప్రాంతాలకు ఎరుపు రంగు వేయమన్నాను. ఆండీస్, మడగాస్కర్, ఇండోనేసియా నిండా ఎరుపే. మన దేశంలో పశ్చిమ కనుమలు, హిమాలయాలు, ఈశాన్యం, నికోబార్ దీవులు, అంతటితో సరి. హాస్టల్లో ఉండి చదువుకునే మాచర్ల కుర్రాడు లేచి, "మా నల్లమలలో పెద్దపులులున్నాయి కదా మాస్టారూ, మాకు రంగు లేదేం?" అన్నాడు. రేపటికల్లా వాడికి జవాబు చెప్పాలి. ఈ ప్రాంతాలను ఏ లెక్కన ఎంచుతారు?

పటమట పటాలరావు, విజయవాడ:
మీరు చూసింది జీవవైవిధ్య హాట్‌స్పాట్ల పటం. 1988లో పర్యావరణ శాస్త్రవేత్త నార్మన్ మయర్స్ మొదలుపెట్టిన ఆలోచన అది, ఇప్పుడు 36 ప్రాంతాలున్నాయి. షరతులు రెండే. మరెక్కడా పెరగని మొక్కల జాతులు కనీసం 1,500 ఉండాలి, సహజమైన పచ్చదనంలో కనీసం 70 శాతం పోయి ఉండాలి. జంతువుల ఊసే లేదు! పులి ఎంత గాండ్రించినా ఆ పటానికి వినపడదు.

ముప్పున్న జంతువులే ముఖ్యమనుకుంటే లెక్క వేరు. ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, ఏ జాతికి ఎంత ముప్పుందో చెబుతూ తయారుచేసే ఎర్ర జాబితాలోని ఒక్కో జాతి ఎక్కడెక్కడ తిరుగుతుందో గుర్తించి, భూమిని గడులుగా విడగొట్టి చూస్తారు. అక్కడే అసలు తిరకాసు. ఒక గడిలో 40 జాతులున్నాయనుకోండి. పక్క గడిలో 38, అన్నీ మొదటి గడిలో ఉన్నవే. ఎక్కడో దూరాన మూడో గడిలో మూడే జాతులు, కానీ అవి ఇంకెక్కడా లేవు. రెండు గడులకే డబ్బుంటే నేను మొదటిదీ మూడోదీ తీసుకుంటాను. కేవలం జాతుల సంఖ్య చూసి రంగులు వేసే పటాలంటే అందుకే నాకు ఒళ్లుమంట. పులి సుమత్రా నుంచి రష్యా తూర్పు కొస దాకా ఉంది కాబట్టి, పులి ఒక్కదాన్నే చూపిస్తే నల్లమలకు ప్రత్యేకత రాదు.

బ్రాడీపేట మాస్టారు:
అయితే మన రాష్ట్రంలో ఆ మూడో గడి ఏదండీ?

లంకమల దారి:
కలివికోడి ఉన్న చోటు. 1900 తరువాత ఎవరికీ కనపడక, అంతరించిందనుకున్న పక్షి 1986లో కడప జిల్లాలో దొరికింది. ముళ్లపొదల మధ్య రాత్రిపూట తిరుగుతుంది. అందుకే పరిశోధకులు పొదల నడుమ మెత్తటి మట్టి పరిచి, తెల్లవారాక కాలిగుర్తులు వెతికేవారు. చూడటానికి అది అడవిలా ఉండదు, మేకలు మేసే బీడులా ఉంటుంది. ఇటువంటి చోట్లను బీడు భూములని కొట్టిపారేయడమే పెద్ద ముప్పు.

మీ కుర్రాడికి ఇంకో మాట చెప్పండి. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో ఒక నీలిరంగు పెద్ద సాలీడు దొరికింది. వందేళ్ల తరువాత 2001లో అది మళ్లీ కనపడింది నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో, అంటే నల్లమలలోనే. ఐయూసీఎన్ జాబితాలో అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి. పులి కన్నా ఆ సాలీడుతోనే నల్లమలకు రంగు పడుతుంది.

దివిసీమ వాసి:
భూమి ధర కూడా లెక్కలోకి రావాలి కదా. మా మడ అడవుల్లో బావురుపిల్లి ఉంది. పక్కనే రొయ్యల చెరువులు. కడప బీడులో ఎకరా కాపాడే ఖర్చుతో ఇక్కడ గట్టు కూడా కొనలేరు. పటాలరావు గారూ, మీ గడుల్లో ఆ ధరలు కూడా వేస్తారా?

పటమట పటాలరావు:
వేస్తామండీ. ధర వేశాక చాలా గడుల వరుస తారుమారవుతుంది. కానీ మూడో గడి లాంటివి మాత్రం ఎంత ఖరీదైనా జాబితాలోంచి పోవు, వాటికి బదులుగా తీసుకోవడానికి వేరే గడి ఉండదు కాబట్టి.