మూడో సెమ్ యూఆర్ట్ నాలుగో సెమ్ ప్రాసెసర్‌లో చెత్త అక్షరాలు చూపిస్తోంది, సాయం కావాలి

డిజిటల్_ల్యాబ్: పొద్దున్నుంచీ ఇదే పని, ఇక బుర్ర పనిచేయట్లేదు. ఈ ఏడాది ల్యాబ్‌లన్నీ గొలుసుగా కలిపాం. మూడో సెమ్‌లో పిల్లలు వెరిలాగ్‌లో (హార్డ్‌వేర్ వర్ణించే భాష) రాసిన ఏఎల్‌యూ (లెక్కలు చేసే భాగం), యూఆర్ట్ (సీరియల్‌గా ఒక్కో బిట్ పంపే భాగం) వీటితోనే నాలుగో సెమ్‌లో ఆర్‌వీ32ఐ (రిస్క్-ఫైవ్‌లో 32 బిట్ల మూల ఇన్‌స్ట్రక్షన్ సెట్) ప్రాసెసర్ కట్టాలి, ఐదులో దాని మీదే చిన్న షెడ్యూలర్ (పనుల్ని వంతులవారీగా నడిపే ప్రోగ్రామ్) నడపాలి. పోయిన సెమ్‌లో చక్కగా పనిచేసిన యూఆర్ట్ ఇప్పుడు టెర్మినల్ నిండా చెత్త పోస్తోంది. సిమ్యులేషన్ బాగానే ఉంది. రెండు వైపులా వేగం 115200 బాడే (సెకనుకి అన్ని బిట్లు). కేబుల్ మార్చాం, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొత్త యూఎస్‌బీ సీరియల్ మాడ్యూల్ కొని పెట్టి చూశాం. సోమవారం ల్యాబ్. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గేట్‌లెవెల్: బోర్డు ఏది? క్లాక్ ఎంత?

కెర్నల్_పంతులు: యూఆర్ట్ సంగతి అలా ఉంచండి, ఐదో సెమ్ ప్లానే నాకు భయంగా ఉంది. షెడ్యూలర్‌కి టైమర్ ఇంటరప్ట్ కావాలి. దానికి ఎమ్‌టీవెక్, ఎమ్ఈపీసీ, ఎమ్‌కాజ్, ఎమ్‌స్టేటస్ అనే కంట్రోల్ రిజిస్టర్లు (సీఎస్ఆర్‌లు) కావాలి. ఉత్త ఆర్‌వీ32ఐలో అవి ఉండవు, జడ్ఐసీఎస్ఆర్ ఎక్స్‌టెన్షన్ కలపాలి. నాలుగో సెమ్‌లోనే పెట్టించకపోతే ఐదో సెమ్ పిల్లలు ప్రాసెసర్ విప్పుకుంటూ కూర్చుంటారు. ఎక్స్‌వీ6 (పాఠాల కోసం రాసిన చిన్న ఓఎస్) ఎక్కిద్దామనుకుంటే అసలు కుదరదు, దాని రిస్క్-ఫైవ్ వెర్షన్‌కి 64 బిట్లు, ఎస్‌వీ39 పేజింగ్ (వర్చువల్ మెమరీ పద్ధతి) ఉండాలి. దాన్ని క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌లో నడిపించండి.

డిజిటల్_ల్యాబ్: మూడో సెమ్‌లో బేసిస్ 3 ఎఫ్‌పీజీఏ బోర్డు (రాసిన సర్క్యూట్‌ని చిప్‌లోకి ఎక్కించేది). ఇప్పుడు ట్యాంగ్ నానో 9కే ఎఫ్‌పీజీఏ బోర్డు, ఇద్దరికొకటి.

గేట్‌లెవెల్: దొరికింది. బేసిస్ 3 క్లాక్ 100 మెగాహెర్ట్జ్, నానోది 27. కోడ్‌లో ఒక్కో బిట్‌కి లెక్కపెట్టే క్లాక్ సైకిళ్లు 868 అని ఉంటుంది చూడండి, అది 100 మెగాహెర్ట్జ్‌ని 115200తో భాగిస్తే వచ్చింది. 27 దగ్గర అదే 868 అంటే సుమారు 31,100 బాడ్. 234 పెట్టండి, తేడా 0.16 శాతమే. టెస్ట్‌బెంచ్ కూడా 868 సైకిళ్లే లెక్కపెడుతుంది కాబట్టి సిమ్యులేషన్‌లో బయటపడదు. నమ్మకం కుదరకపోతే ఇంగ్లిష్ క్యాపిటల్ 'U' అక్షరం ఆపకుండా పంపి స్కోప్ పెట్టండి, నిఖార్సైన స్క్వేర్ వేవ్ వస్తుంది. బిట్ వెడల్పు 8.7 మైక్రోసెకన్లు ఉండాలి, మీకు 32 కనిపిస్తుంది. అంకె మార్చి వదిలేయకండి, క్లాక్‌ని పారామీటర్‌గా రాయించండి. సెమిస్టర్లు దాటే కోడ్‌కి అది తప్పనిసరి.

తర్వాత తగిలేది మెమరీ. డేటా మెమరీని క్లాక్ లేకుండా చదివితే టూల్ దాన్ని బ్లాక్ ర్యామ్‌లో (చిప్‌లోని సిద్ధ మెమరీ) పెట్టలేదు, ఫ్లిప్‌ఫ్లాప్‌లతో కట్టాల్సి వస్తుంది. 4 కేబీ అంటే 32,768 బిట్లు, ఈ చిప్‌లో ఫ్లిప్‌ఫ్లాప్‌లు 6,480. పట్టదు. క్లాక్ అంచు మీద చదివించండి, లోడ్‌కి రెండు సైకిళ్లు ఇవ్వండి.

సిలబస్_కమిటీ: అప్పుడది సింగిల్ సైకిల్ (ప్రతి ఇన్‌స్ట్రక్షన్ ఒకే క్లాక్ సైకిల్‌లో ముగిసేది) ఎలా అవుతుందండీ? మా యూనిట్‌లో సింగిల్ సైకిల్ అనే ఉంది.

గేట్‌లెవెల్: కాదు. పేరు నిలవాలంటే నెగెటివ్ అంచు మీద చదివించండి. చిరునామా లెక్క సగం సైకిల్‌లో, అంటే 18.5 నానోసెకన్లలో తేలాలి. టైమింగ్ రిపోర్ట్ చూశాకే ఒప్పుకోండి.

సిలబస్_కమిటీ: అలా చేస్తే పిల్లలకి పైప్‌లైన్ చెప్పేటప్పుడు గందరగోళం. మల్టీసైకిల్ అని రాయడమే నయం.

డిజిటల్_ల్యాబ్: 234తో అక్షరాలు వచ్చేశాయి. థ్యాంక్సండీ.

కెర్నల్_పంతులు: ఆ సీఎస్ఆర్‌ల మాట మరి?