డీబీఎస్ (మెదడులోకి సన్నని తీగ దింపి కరెంటు ఇచ్చే చికిత్స) కరెంటు సర్దేటప్పుడు రోగి మాట ఎంతవరకు పట్టించుకోవాలి?

కాంటాక్టు2: పార్కిన్సన్స్‌కి డీబీఎస్ పెట్టాక కరెంటు ఎంతన్నది పరీక్షతోనే తేలాలి. రాత్రి నుంచి మందు ఆపి, పల్సుల వేగం 130 హెర్ట్జ్, ఒక్కో పల్సు నిడివి 60 మైక్రోసెకన్లు కదపకుండా, తీగ మీద కరెంటు వదిలే ఒక్కో కాంటాక్టు దగ్గర అర మిల్లీయాంప్ చొప్పున పెంచుతూ మణికట్టు తిప్పి చూడండి. బిగువు అర నిమిషంలో వదులుతుంది. ఇందులో రోగిని అడగడానికేముంది?

నడకడైరీ: జబ్బంతా మణికట్టులోనే ఉందా? నడకలో తేడా తెలియడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. మాత్ర ఎప్పుడు వేసుకున్నారు, ఎప్పుడు బిగుసుకుపోయారు, ఎప్పుడు ఒళ్లు మెలికలు తిరిగింది... మూడు రోజులు రాసుకొస్తే అందులో దొరికేది మీ గదిలో దొరకదు.

కాంటాక్టు2: ఆ మెలికలు తమకున్నాయనే చాలామందికి తెలియదు, ఇక డైరీలో ఏం రాస్తారు? పైగా సబ్‌థలామిక్ కేంద్రకంలో (తీగ దింపే మెదడు లోపలి చిన్న భాగం) కరెంటు కిందికి పాకితే లేని హుషారు వస్తుంది. "బ్రహ్మాండంగా ఉంది, ఇంకాస్త పెంచండి" అంటారు. పెంచేద్దామా?

ఊరికే_చూస్తున్నా: ఇంట్లోవాళ్లను అడగండి, పోతుంది.

నడకడైరీ: చెయ్యి తిమ్మిరెక్కితే మీ మణికట్టు పరీక్షకి అందుతుందా? కాసేపట్లో పోయే తిమ్మిరైతే సరే. పోకపోతే కరెంటు మీడియల్ లెమ్నిస్కస్‌ను (స్పర్శను మెదడుకు చేర్చే నరాల దారి) తాకుతోందని అనుమానించాలి. ఆ సంగతి రోగి నోటే రావాలి.

కాంటాక్టు2: సైడ్ ఎఫెక్టులు అడగొద్దని నేనెక్కడన్నాను? లేని మాట అంటగట్టకండి.

బీటా20: 2025లో అమెరికా నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మెడ్‌ట్రానిక్ కంపెనీ అడాప్టివ్ డీబీఎస్‌కి అనుమతిచ్చింది. మెదడు తరంగాలు చూసి అదే సర్దుకుంటుంది. మీ ఇద్దరికీ సెలవు.

నడకడైరీ: దాని పై హద్దు, కింది హద్దు పెట్టేది మనిషే. మాట ముద్దవుతోందని అది చూసే బీటా తరంగం చెప్పదు.

కాంటాక్టు2: మళ్లీ మాట దగ్గరికే! 3 మిల్లీయాంప్ దగ్గర వణుకు ఆగి, 2.4కి దింపితే వేళ్లు ఆడుతుంటే 3 పెట్టక ఏం చేస్తాం? పుర్రెకు రంధ్రం చేయించుకుంది వేళ్లు ఆడించుకోవడానికా?

నడకడైరీ: ఆ 3 దగ్గరే మాట తడబడితే? పాఠం చెప్పే మనిషికి వేళ్లు కాస్త ఆడినా పర్లేదు, మాట పోకూడదు. గడియారాలు బాగుచేసేవారు ఇంకోలా అంటారు. దేన్ని వదులుకోవాలో మీరు తేల్చేస్తున్నారు, నా పేచీ అక్కడ.

కాంటాక్టు2: అలా మొదటే ఏడిస్తే సరిపోయేది. సరే, రెండు ప్రోగ్రాములు పెట్టి రిమోట్ వాళ్ల చేతికిద్దాం, 2.2 నుంచి 3 దాకా. మందు మాత్రం ఆ వారం ముట్టుకోవద్దు, రెండూ కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలిసి చావదు.

నడకడైరీ: 3 దగ్గర మాట పోతోందంటుంటే మళ్లీ 3 ఏమిటండీ? 2.8.