రెక్కాడితే గానీ డొక్కాడదు: రెక్క ఎవరిది?

డౌటండీ. ఈ సామెతలో రెక్క అంటే పిట్ట రెక్కా, మనిషి చెయ్యా? వైట్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో ఇదే గొడవ, ఎగిరితేనే గింజ దొరుకుతుంది కాబట్టి పిట్ట సామెతే అంటాడు ఒకాయన.

↳ చెయ్యేనండీ, భుజం దగ్గర్నుంచి. రెక్కల కష్టం అంటాం, రెక్కలు ముక్కలు చేసుకున్నాడంటాం, రెక్క పట్టుకుని బయటికి ఈడ్చారంటాం. కూలోళ్ళ మాట ఇది, పిట్టలకి అంటగట్టకండి.

↳ ఒప్పుకుంటా గానీ పురుగుల దగ్గరికొస్తే తిరగేసినా నిజమే. నేను ఇక్కడ బెంగళూరు వ్యవసాయ యూనివర్సిటీ జీకేవీకేలో ఎంటమాలజీ, అంటే పురుగుల శాస్త్రం చదువుతున్నా. తేనెటీగ ఎగరడానికి వాడేది దాదాపు అంతా చక్కెరే, గూట్లోంచి బయల్దేరేముందు దారికి సరిపడా తేనె డొక్కలో ఉన్న తిత్తిలో నింపుకుని పోతుంది, అది అయిపోయిందా ఇంక లేవలేదు, నేలమీద చతికిలబడుతుంది, కాసిని పంచదార నీళ్ళు దొరికితే మళ్ళీ లేస్తుంది. ఒంట్లో కొవ్వున్నా ఎగరడానికి అక్కరకి రాదు పాపం. మిడత అలా కాదు, మొదట కాసేపు చక్కెర, తర్వాత కొవ్వు, అందుకే 1988లో ఎడారి మిడతలు ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి కరీబియన్ దీవుల్లో వాలాయి. ఆఫ్రికాలో సెట్సీ ఈగ అని ఉంది, రక్తం తప్ప ఇంకేం తాగదు, అదేమో ప్రోలిన్ అనే అమైనో ఆసిడ్‌ని కాల్చుకుని ఎగురుతుంది.

ఇంక గాలి సంగతి. తేనెటీగ రక్తం ఆక్సిజన్ మొయ్యదు, ఒంటి పక్కల చిల్లుల్లోంచి సన్న గొట్టాలు తిన్నగా కండలోకే వెళ్తాయి. వాలి ఉన్న తేనెటీగని చూడండి, డొక్క లోపలికీ బయటికీ ఆడుతూనే ఉంటుంది, అదే దాని ఊపిరి. అంటే డొక్కాడితే గానీ రెక్కాడదు.

↳ హహ బాగుంది. మరి తేనెటీగలు రెక్కలు సెకనుకి 200 సార్లు కొడతాయంటారు కదా, నరం అన్నిసార్లు సిగ్నల్ పంపుతుందా?

↳ పంపదండీ, అసలు విశేషం అక్కడే. తేనెటీగకీ ఈగకీ ఎగిరే బలమిచ్చే కండలు రెక్కకి కాదు, రొమ్ము గోడలకి అంటుకుని ఉంటాయి, రెండు జతలు. ఒక జత ముడుచుకుంటే రెండోది సాగుతుంది, ఆ సాగడంతోనే అదీ ముడుచుకుంటుంది, రొమ్ము అలా ఊగుతుంటే రెక్కలు కొట్టుకుంటాయి. నరం మధ్యమధ్యలో ఒకసారి తడితే చాలు. ప్రతి విసురుకీ కండని ముడుచుకునేలా చేసే కాల్షియం వదిలి మళ్ళీ లోపలికి తోడుకునే ఖర్చు కూడా మిగులుతుంది.

↳ తూనీగకి కూడా ఇంతేనా?

↳ కాదండీ. దానికి కండలు సరాసరి రెక్కకే, ఒక్కో విసురుకీ ఒక్కో సిగ్నల్. మీ సామెత మాటకి మాట సరిపోయేది దానికే, రెక్కాడిస్తూ గాల్లోనే దోమల్ని పట్టి తింటుంది.