ఓల్డమ్ మిల్లు కుర్రాడి తండ్రి ఎవరో ఎలా కనుక్కోవాలి?

అందరికీ నమస్కారం. మా ఆయనది ఇంగ్లండ్. ఆయన తాతగారి తాత లాంకషైర్‌లోని ఓల్డమ్‌లో నూలు మిల్లు కూలీ. 1851 జనాభా లెక్కల్లో దొరికాడు: వయసు 11, పని మిల్లులో తెగిన దారాలు అతకడం. ఇంటి పెద్దకు కొడుకు కాదు, మనవడు అని ఉంది. ఇంటిపేరు మాత్రం ఆ తాతదే!

1862 నాటి పెళ్లి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఉండాల్సిన గడిలో ఒక అడ్డగీత, అంతే. సంతకం రాదు కాబట్టి వంకరగా ఇంటూ గుర్తు పెట్టాడు. అది చూసి మా ఆయన కాసేపు మాట్లాడలేదు.

తల్లికి పెళ్లి కాలేదేమోనని నా అనుమానం. జననాల రిజిస్ట్రేషన్ 1837 జూలైలోనే మొదలైనా, మొదట్లో పేదవాళ్లు కొందరు చేయించనే లేదు. ఈయనది దొరకలేదు. 1841 లెక్కల్లో బంధుత్వాలు రాయలేదు, పెద్దవాళ్ల వయసులేమో 20, 25, 30 అంటూ ఐదేళ్ల లెక్కకి తగ్గించి రాసేశారు. దాంతో తల్లి అనుకోదగ్గ ఆడవాళ్లు ముగ్గురు తేలారు.

ఇప్పుడు ముందు చర్చి బాప్టిజం రిజిస్టర్లు చూడాలా, బిడ్డ పోషణ ఖర్చుల కోసం తల్లులు వేసిన కేసుల కాగితాలు వెతకాలా? ఇలాంటి పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి. ఒక్కో సర్టిఫికెట్‌కి డబ్బు కట్టాలంటే టెన్షన్‌గా ఉంది.