పట్నం పెరిగితే కాన్పులు తగ్గి చెరువులు దక్కుతాయా?

జనలెక్కలు:
పట్నవాసం పెరిగిన చోట కాన్పులు తగ్గుతాయి, నేల మీద భారం తగ్గుతుంది, చదువుకున్న జనం చెరువుల కోసం కోర్టుకెక్కుతారు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో ఒక్కో స్త్రీకి సగటు సంతానం పట్నాల్లో 1.6, పల్లెల్లో 2.1. హైదరాబాద్ జంట జలాశయాలు ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల ఎగువన కట్టడాలపై ఆంక్షలు పెట్టిన ప్రభుత్వ ఉత్తర్వు జీవో 111 వైపు 2000లో సుప్రీంకోర్టు నిలిచిందన్నా నగర పర్యావరణవాదుల చలవే. కాదనేవాళ్లు లెక్కతో రండి.

బీలగట్టు:
లెక్కతోనే వస్తున్నా. 2011 జనగణనలో పట్టణ జనాభా తెలంగాణ ప్రాంతంలో 39 శాతం దగ్గర, ఇప్పటి ఆంధ్రలో 30 లోపు. మీ సూత్రం నిజమైతే సంతానం తెలంగాణలో తక్కువుండాలి. అదే సర్వేలో తెలంగాణ 1.8, ఆంధ్ర 1.7! మన పల్లెల్లో కాన్పులు తగ్గించింది ఇద్దరు పుట్టగానే ఆడవాళ్లకు చేసిన ట్యూబెక్టమీలు (కు.ని. ఆపరేషన్లు), ఆడపిల్లల చదువు. ఉద్యమాలూ మీ సొత్తేనా? 2010లో శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలలో (చిత్తడి నేలల్లో) థర్మల్ ప్లాంటును అడ్డుకున్నది రైతులు, మత్స్యకారులు.

గోదారొడ్డు:
ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి వీల్లేదన్న 1994 పంచాయతీరాజ్ చట్టం నిబంధన సంగతో? ఆంధ్రలో దాన్ని 2024లో ఎత్తేశారు.

జనలెక్కలు:
0.1 తేడా పట్టుకుని సూత్రం తప్పంటారా? శాంపిల్ సర్వేలో అంత తేడా మామూలే.

బీలగట్టు:
1.6 చూపించినప్పుడు శాంపిల్ గుర్తు రాలేదేం?

నాలాకొలత:
ఆ 0.1 వదిలేయండి. నీళ్లు, నేల ఖర్చయ్యేది ఇళ్లను బట్టి. ఆరుగురి ఇల్లు రెండు ఫ్లాట్లుగా విడిపోతే జనం పెరగకపోయినా స్లాబులు, బోర్లు రెట్టింపు. చెరువు సంగతీ అంతే. 25 ఎకరాలు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్ల బఫర్ (ఏమీ కట్టకూడని జాగా), చిన్నదానికి 9 అని అందరూ టేపు పడతారు. ఎగువన నీళ్లొచ్చే కాలువను ఎవరూ కొలవరు. లేఅవుట్ వేసేవాడు ముందు అందులో మొరం పోసి చదును చేస్తాడు, కల్వర్టు కట్టాల్సిన చోట రెండడుగుల సిమెంటు పైపు వేస్తాడు. మొదటి పెద్ద వానకే పైపులో చెత్త ఇరుక్కుని వరద కాలనీలోకి తిరుగుతుంది. చెరువుకు చేరేది మురుగే. చెరువు నాలుగేళ్లు నిండకపోతే శిఖం భూమిలో (చెరువు గర్భంలో) ప్లాట్ల హద్దురాళ్లు లేస్తాయి.

మొయినాబాద్‌రైతు:
జీవో 111 అంటే మా 84 ఊర్లు. 1996 నుంచి లేఅవుట్ వేస్తే 60 శాతం జాగ రోడ్లకు, ఖాళీ జాగకు వదలాలె, ఫ్యాక్టరీ రావద్దు, పెద్ద హోటల్ రావద్దు. రైతుకు ఇన్ని షరతులు, పట్నపోళ్ల ఫామ్‌హౌస్‌లకు మాత్రం ప్రహరీలు లేస్తున్నయి. ఆ గోడలే వాగు నీళ్లకు అడ్డం. వాటి మీద కేసు వేసిన పర్యావరణవాది ఎవరో చెప్పుండ్రి.

జనలెక్కలు:
అసలు బాధ చెరువు గురించి కాదన్నమాట. ఎకరం ధర గురించి! 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు ఎత్తేస్తామంటే సంబరపడింది మీరే కదా.

మొయినాబాద్‌రైతు:
అవును, ధర గురించే. దాచేదేముంది? ఉస్మాన్‌సాగర్ కట్టి నూరేండ్లు దాటింది. నీళ్లు మీకు, ఆంక్షలు మాకు. మీ సిటీల ఎవలన్న జాగ అమ్మొద్దంటే ఊకుంటరా?

బీలగట్టు:
పొద్దుటి నుంచి సంతానం లెక్క మీద కొట్టుకున్నాం. తేలాల్సింది ఇదీ: నగరం తాగే నీటికి ఎగువ ఊళ్లకు డబ్బు ఎవరు కడతారు?

నాలాకొలత:
దారులున్నాయి. న్యూయార్క్ నగరం 1997 ఒప్పందంతో కాట్స్‌కిల్ కొండల్లో నీటి పరీవాహకం కాపాడే పనులకు తనే డబ్బు పెడుతోంది. ఇక్కడైతే ఆ 84 ఊళ్ల భూమికి టీడీఆర్ (బదిలీ చేసుకోగల నిర్మాణ హక్కు) ఇవ్వొచ్చు. అక్కడ కట్టుకోలేని అంతస్తుల హక్కును రైతు నగరంలోని బిల్డరుకు అమ్ముకుంటాడు. నగరంలో అంతస్తులకు పరిమితి లేకపోతే మాత్రం టీడీఆర్ ఎవరూ కొనరు. ముందు ఆ పరిమితి పెట్టాలి.

జనలెక్కలు:
పరిమితి పెడితే ఫ్లాటు ధర పెరుగుతుంది. అద్దెకుండేవాళ్ల మీద పడుతుంది.

మొయినాబాద్‌రైతు:
మరి ఇన్నేండ్లు మా మీద పడ్డది కనిపించలేదా?