పాలను ‘పొంగించడమా’, ‘చిలకడమా’, ‘నురుగు కట్టించడమా’?

సభ్యులకు నమస్కారం. అరకు కాఫీతో ఇంట్లోనే కాపుచినో చేసుకునే విధానాన్ని మా కాలనీ పత్రికకు తెలుగులో రాస్తున్నాను. పాలలోకి గాలి చేర్చి నురుగు తెచ్చే పనిని ‘పొంగించడం’ అనవచ్చునా, ‘చిలకడం’ అనవచ్చునా?
– సీతమ్మధార సభ్యురాలు

జవాబు: అమ్మా, ఆ రెండు మాటలూ ఈ పనికి సరిపోవని నా అభిప్రాయం. పాలు మరిగేటప్పుడు పైన కట్టిన తరక కింద ఆవిరి చిక్కుకొని, దానిని ఎత్తుకుంటూ గిన్నె అంచు దాటడాన్ని మనం పొంగు అంటాము; మంట తగ్గించగానే అది దిగిపోతుంది. కాపుచినోకు పాలు 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కితే చాలు, 70 దాటితే కాగిన వాసన పట్టుకుంటుంది. ‘పొంగించండి’ అని మీరు రాస్తే చదివినవారు తప్పకుండా మరిగించేస్తారు.

‘చిలకడం’ ఇంకా దూరపు మాట. కవ్వంతో చిలికేది వెన్న కోసం, అంటే కొవ్వు బిందువుల పైపొర చిట్లి అవి ఒకదానికొకటి అంటుకొని మజ్జిగ నుంచి విడివడడం కోసం. నురుగుకు ఆధారం కొవ్వు కాదు, మాంసకృత్తులు. అవి గాలి బుడగ చుట్టూ పొరగా చేరి దానిని నిలబెడతాయి. అందువల్లనే 1.5 శాతం కొవ్వున్న డబుల్ టోన్డ్ పాలకు నురుగు ఎత్తుగా లేస్తుంది, 6 శాతం ఉండే ఫుల్ క్రీమ్ పాలకు రుచి చిక్కగా ఉంటుంది.

నేనైతే ‘నురుగు కట్టించడం’ అంటాను. పాలు పితికేటప్పుడు ధార బలంగా పడి చెంబులో నురుగు కడుతుంది. గుమ్మపాల మీది ఆ నురుగు పొయ్యి ఎరుగనిది, గాలి వల్ల ఏర్పడినది. మీరు చెప్పదలచినదీ అదే. పనిముట్టును బట్టి ముందు మరొక క్రియ చేర్చుకోవచ్చు: ఫ్రెంచ్ ప్రెస్‌లో (కాడకు జల్లెడ బిళ్ల అమర్చిన కాఫీ పాత్రలో) మూడో వంతుకు మించకుండా వేడిపాలు పోసి, కాడను వేగంగా పైకీ కిందికీ ఆడించేచోట ‘గిలకొట్టి నురుగు కట్టించండి’ అనవచ్చు.

మరొక సభ్యుడు: లాటె (పాలు ఎక్కువగా కలిపే కాఫీ) మీద ఉండే మెత్తని పొరను కూడా నురుగే అనాలా, మాస్టారూ?

జవాబు: ‘సన్న నురుగు’ అంటే సరిపోతుంది. అక్కడ బుడగలు కంటికి ఆనవు, పాలూ నురుగూ విడిపోకుండా ఒకటిగా జారుతాయి. పెద్ద బుడగలు మిగిలితే గిన్నెను గట్టుమీద ఒకసారి తట్టి, గుండ్రంగా తిప్పి, వెంటనే కాఫీలో పోయాలి. ఆలస్యమైతే పాలు అడుగుకు దిగి నురుగు పైకి తేలిపోతుంది.