రెగ్గెటోన్ పాటలు విని స్పానిష్ స్లాంగ్ నేర్చుకుంటే తప్పా?

గచ్చిబౌలి_గిటార్:
ఏడాదిగా ప్యూర్టోరికో గాయకుడు బ్యాడ్ బన్నీ, గాయని కరోల్ జీ పాడే రెగ్గెటోన్ (లాటిన్ అమెరికా డాన్స్ పాటలు) వింటూ స్పానిష్ నేర్చుకుంటున్నా. నిన్న క్లాసులో 'పారా' (అంటే 'కోసం') అనాల్సిన చోట 'పా' అన్నానని మా మేడమ్ అందరి ముందూ దులిపేశారు. డెలే పరీక్ష (స్పానిష్ సర్టిఫికెట్ పరీక్ష) అయ్యేవరకు ఆ పాటలు ముట్టుకోవద్దట. పుస్తకంలో ఉన్నట్టు బయట ఎవరు మాట్లాడతారండీ? పిన్నికి పుస్తకంలో 'తీయా' అని ఉంటుంది. బ్యాడ్ బన్నీ 2022 పాట పేరులో 'తితీ'. పెళ్ళిళ్ళలో మన పిన్నులు ఆరా తీసినట్టే ఆ తితీ కూడా గర్ల్‌ఫ్రెండ్స్ గురించి అడుగుతుంది. ఒక్కసారి విన్నా, ఇక మర్చిపోలేదు.

డాలస్_దేశదిమ్మరి:
మానొద్దు తమ్ముడూ. ఇక్కడ మా వేర్‌హౌస్‌లో అంతా మెక్సికో వాళ్ళే. పుస్తకం బట్టీపట్టి వచ్చి మొదటి వారమంతా తెల్లమొహం వేశా. సగం అక్షరాలు మింగేస్తారు. పాటలు విన్నాకే చెవికి పట్టింది. 'పా' అని స్పెయిన్‌లో కూడా ఇళ్ళల్లో అంటారు. మీ మేడమ్‌కి తెలియక కాదు.

నైట్‌షిఫ్ట్_నాగమణి:
నాలుగేళ్ళు స్పానిష్ వాయిస్ ప్రాసెస్‌లో చేశాను. నా స్లాంగ్ అంతా ప్యూర్టోరికో పాటల్లోదే. ఒక రాత్రి చిలీ నుంచి ఒకావిడ కాల్. గొంతు తగ్గించి 'గ్వాగ్వా పడుకుంది' అంది. ప్యూర్టోరికోలో గ్వాగ్వా అంటే బస్సు. బస్సు పడుకోవడమేంటి, చెడిపోయిందేమో అనుకుని 'మెకానిక్‌ని పిలిచారా?' అన్నాను. చిలీలో గ్వాగ్వా అంటే చంటిపిల్ల! ఆ రికార్డింగ్‌ని ఆరు నెలలు ట్రైనింగ్‌లో వినిపించారు. కడపలో ఎర్రగడ్డ అంటే ఉల్లిపాయ, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అంటే మెంటల్ హాస్పిటల్. పాట ఆ తేడా చెప్పదు.

ఇంకోటి. 'మామీ' అని రెండు లైన్లకోసారి వస్తుంది, అసలు అర్థం 'అమ్మా', పాటల్లో మాత్రం అమ్మాయిని సరసంగా పిలిచే మాట. ఆఫీసులో ఓ అమ్మాయిని అలా పిలిచి చూడండి, సాయంత్రానికి హెచ్‌ఆర్ దగ్గర ఉంటారు. కరోల్ జీ 2020లో 'బిచోతా' అని పాడింది, దమ్మున్న ఆడది అన్న అర్థంలో. ఆవిడది కొలంబియా. మాట మూలం మాత్రం ప్యూర్టోరికో వీధుల 'బిచోతే', అంటే మత్తుమందుల డాన్. పోనీ కదా అని దాన్ని కత్తిరించి 'బిచో' అన్నారో, స్పెయిన్‌లో అది పురుగు, ప్యూర్టోరికోలో పచ్చి బూతు, మీ చెంప పగులుతుంది.

కడప_కారందోశె:
ఎర్రగడ్డ మాట ఎత్తినారు కాబట్టి వచ్చినా. తప్పు పాటది గాదక్కా, ఏ ఊరి పాటో చూసుకోకుండా విన్నోళ్ళది. కొలంబియా భాష కావాల్నా, మెదెయీన్ వాళ్ళవి వినండి, 'పార్సే' అంటారు, మన పిల్లోళ్ళు 'మామా' అన్నట్టు. మెక్సికోకి పేసో ప్లూమా అనే పాటగాడు ఉండాడు. చిలీ కస్టమర్‌కి ప్యూర్టోరికో పాట ఏం పనికొస్తాది? అయినా క్లాసులో మటుకు గ్వాగ్వా గురించి చెప్పినారా ఏంది?

నైట్‌షిఫ్ట్_నాగమణి:
లేదు. అక్కడ బస్సుకి 'ఆటోబూస్', బిడ్డకి 'బెబే', అంతే. ఆ ఒక్క మాటకి ఒప్పుకుంటా.

వ్యాకరణం_మాస్టారు:
స్లాంగ్ మీద నాకేం పగ లేదు. స్పెయిన్ రాయల్ అకాడమీయే 2023లో 'పెర్రెయో' (రెగ్గెటోన్‌కి వేసే డాన్స్) అనే మాటని నిఘంటువులోకి ఎక్కించింది. డెలేలో లాటిన్ అమెరికా యాసలు కూడా వినిపిస్తారు. నా గొడవ రాతతో. ప్యూర్టోరికో వాళ్ళు 'అమోర్' (ప్రేమ) అనే మాటని 'అమోల్' అన్నట్టు పలుకుతారు, రాసేటప్పుడు మాత్రం ర రాస్తారు. విని నేర్చుకున్న మీరు ల రాస్తారు, మార్కు ఎగిరిపోతుంది.

గచ్చిబౌలి_గిటార్:
అయ్యో మాస్టారూ, పోయిన టెస్టులో తలుపుకి 'పుయెర్తా' బదులు 'పుయెల్తా' అనే రాశా. ఎందుకు కొట్టేశారో ఇప్పుడు తెలిసింది. సరే, పరీక్ష దాకా 'పారా' అనే అంటా. పాటలైతే మానను. డాలస్ అన్నా, మీ వేర్‌హౌస్ వాళ్ళు వినే లిస్టు పెట్టండి.

డాలస్_దేశదిమ్మరి:
రాత్రికి పెడతా. ప్రతి వాక్యం చివరా 'వే' అని వినిపిస్తుంది, మన 'రా' లాగా. మొదటి నెలలోనే మా సూపర్‌వైజర్‌ని అనేశా. ఆయన నవ్వాడు. పక్కనున్నవాళ్ళు నవ్వలేదు.